మేజర్ పేరు వెనక ఉన్న చదువు

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన నాటి నుంచి కళాశాలలు తెరిచే నాటి వరకు తెలుగు రాష్ట్రాల్లో లక్షలాది ఇళ్ళలో సాగే చర్చ ఒకటే: పిల్లలను ఏ చదువులో చేర్చాలి? ఇంజనీరింగ్, వైద్యం వంటి వృత్తివిద్యల గురించి చెప్పేవారు చాలామందే ఉన్నారు. వాటికి ప్రవేశ పరీక్షలు, కౌన్సెలింగులు, పత్రికల్లో ప్రత్యేక అనుబంధాలు ఉన్నాయి. బి.ఏ., బి.కాం., బి.ఎస్‌సి. అనే పాత పేర్లతో నడిచే డిగ్రీ చదువు గురించి అంత శ్రద్ధగా చెప్పేవారు మాత్రం తక్కువ. అందులో చేరే విద్యార్థులు ఎందరో తమ మేజర్‌ను ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, దరఖాస్తులో వెబ్ ఆప్షన్లు పెడుతున్న ఆ కొద్ది నిమిషాల్లోనే తేల్చుకుంటున్నారు. పక్కన కూర్చున్న స్నేహితుడు ఏది పెడితే అదే పెట్టేవారూ ఉన్నారు. మూడు నాలుగేళ్ళ చదువు అలా తేలిపోవడం సరైనది కాదు. ఈ ప్రసంగంలో చెప్పదలచిన ముఖ్యమైన మాట ఒక్కటే: మేజర్‌ను దాని పేరు చూసి కాక, అది అడిగే ప్రశ్నలు చూసి ఎంచుకోవాలి.

ముందుగా మేజర్ అంటే ఏమిటో చూడాలి. డిగ్రీలో విద్యార్థి ఎక్కువ సమయం కేటాయించి, మొదటి ఏడాది నుంచి చివరి ఏడాది వరకు లోతుగా చదివే విషయాన్ని మేజర్ అంటారు. దానికి తోడుగా, కొంత తక్కువ స్థాయిలో చదివే మరో విషయాన్ని మైనర్ అంటారు. ఉదాహరణకు చరిత్రను మేజర్‌గా తీసుకున్న విద్యార్థి అర్థశాస్త్రాన్ని మైనర్‌గా చదవవచ్చు. రసాయనశాస్త్రం మేజర్ అయినవారు వృక్షశాస్త్రాన్ని మైనర్‌గా తీసుకోవచ్చు. పెద్దలకు ఈ మాటలు కొత్తగా తోచవచ్చు. వారి కాలంలో డిగ్రీ విద్యార్థిని అడిగే ప్రశ్న ఏ గ్రూపు అన్నదే. గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం కలిసిన ఎం.పి.సి., వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం కలిసిన బి.జెడ్.సి., చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం కలిసిన హెచ్.ఇ.పి. వంటి గ్రూపుల్లో మూడు విషయాలకూ దాదాపు సమాన స్థానం ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 విద్యా సంవత్సరం నుంచి ఆ మూడింటి స్థానంలో ఒక మేజర్, ఒక మైనర్ అన్న పద్ధతిని ప్రవేశపెట్టారు. తెలంగాణలో 2016లో మొదలైన దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల విధానం ద్వారా విద్యార్థులు కళాశాలనూ, అందులోని విషయాల కలయికనూ ఎంచుకుంటున్నారు. నియమాలు ఏడాదికేడాది కొంత మారుతూనే ఉన్నాయి కాబట్టి చేరే సంవత్సరపు ప్రకటనను తప్పక చదువుకోవాలి. పద్ధతి ఏదైనా విద్యార్థి ముందున్న పని మాత్రం మారదు: ఏ విషయంతో ఎక్కువ కాలం గడపాలో నిర్ణయించుకోవాలి.

మరొక మాట కూడా తరచు వినిపిస్తుంది, అది క్రెడిట్. ఒక సెమిస్టర్ పాటు, అంటే సుమారు పదిహేను వారాల పాటు, వారానికి ఒక గంట చొప్పున సాగే పాఠాన్ని ఒక క్రెడిట్‌గా లెక్కిస్తారు. ప్రయోగశాలలో అయితే వారానికి రెండు గంటలు పనిచేస్తే ఒక క్రెడిట్ వస్తుంది. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యు.జి.సి., ప్రకటించిన చట్రం ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ళ ఆనర్స్ డిగ్రీకి కనీసం 160 క్రెడిట్లు కావాలి. ఈ అంకెలు గుర్తుండకపోయినా ఫరవాలేదు. క్రెడిట్ అంటే తరగతిలోనూ ప్రయోగశాలలోనూ గడిపిన కాలానికి కొలత అన్న సంగతి గుర్తుంటే చాలు.

మేజర్‌ను అది అడిగే ప్రశ్నలు చూసి ఎంచుకోవాలన్న మాట వినడానికి బాగానే ఉంటుంది కానీ, ప్రశ్నలు ఎలా ఉంటాయో చూపకపోతే ఆ మాట గాలిలోనే ఉండిపోతుంది. అందుకు తెలుగువారందరికీ పేరు తెలిసిన ఒక చోటును తీసుకోవచ్చు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ, ఏలూరుకు సమీపంలో ఉన్న కొల్లేరు సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు అందులో కలుస్తాయి. ఉప్పుటేరు దాని నీటిని సముద్రానికి చేరుస్తుంది. 1999లో దానిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో, అంటే రామ్‌సర్ జాబితాలో చేరింది. ఆ సరస్సు గట్టున వేరువేరు మేజర్లు చదివే విద్యార్థులు నిలబడి ఉన్నారని అనుకుంటే, వారిలో ఎవరు ఏమి అడుగుతారో ఒక్కొక్కటిగా వినవచ్చు.

రసాయనశాస్త్రం చదివే విద్యార్థిని వేసే ప్రశ్న ఈ నీటిలో ఏముంది అన్నది. వేసవిలో తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరిచి గాలి కోసం తపించడం చెరువుల మీద బతికే రైతులందరికీ తెలిసిన దృశ్యమే. రాత్రంతా నీటిలోని నాచు, మొక్కలు, జీవులు అన్నీ ఆక్సిజన్‌ను వాడుకోవడమే తప్ప ఎండ లేక దాని తయారీ జరగదు కాబట్టి, తెల్లవారేసరికి నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ అడుగంటుతుంది. అది ఎంత తగ్గిందో ఆమె కొలవాలి. గాలి బుడగ చొరబడకుండా సీసా నిండా నీరు పట్టి, మాంగనీస్ సల్ఫేటునూ, క్షారంతో కలిసిన అయోడైడు ద్రావణాన్నీ అందులో వేస్తే, ఆక్సిజన్ ఉన్న మేరకు గోధుమరంగు అవక్షేపం దిగుతుంది. దానికి ఆమ్లం చేర్చగానే అవక్షేపం కరిగి అయోడిన్ విడుదలవుతుంది. అందులో స్టార్చ్ కలిపితే ద్రావణం ముదురు నీలంగా మారుతుంది. ఆ తరువాత బ్యూరెట్ నుంచి థయోసల్ఫేట్ ద్రావణాన్ని చుక్క చుక్కగా వదులుతూ, ఏ చుక్కకు నీలిరంగు పూర్తిగా పోయిందో సరిగ్గా అక్కడ ఆగాలి. ఒక్క చుక్క ఎక్కువైనా లెక్క తప్పుతుంది. రసాయనశాస్త్రం మేజర్ అంటే ఆ చుక్క దగ్గర ఆగగలిగే ఓపికను మూడేళ్ళ పాటు అలవరచుకోవడం. ఆ పని ఇష్టమైనవారికి ఆ చదువు ఇష్టమవుతుంది. సూత్రాలు కంఠస్థం చేస్తే చాలుననుకుని చేరినవారికి అది భారమవుతుంది.

అదే గట్టు మీద ఉన్న జంతుశాస్త్ర విద్యార్థి ప్రశ్న వేరు. ఆక్సిజన్ తగ్గిన నీటిలో బొచ్చె, శీలావతి చనిపోతుంటే కొర్రమేను ఎలా బతుకుతోంది? కొర్రమేనుకు మొప్పలతో పాటు, నీటిపైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోవడానికి వీలైన అదనపు శ్వాస ఏర్పాటు ఉంది. ఆ ఏర్పాటు దేహంలో ఎక్కడ ఉంది, ఎలా పనిచేస్తుంది, మరి మిగిలిన చేపలకు అది ఎందుకు లేదు? అతని చదువంతా అక్కడి నుంచి సాగుతుంది. వృక్షశాస్త్రం చదివేవారి దృష్టి నీటిపై తివాచీలా పరుచుకున్న గుర్రపుడెక్క మీద పడుతుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క ఇంత వేగంగా ఎలా వ్యాపిస్తోంది, దాని కింద వెలుతురు అందని మొక్కల గతి ఏమిటన్నది వారి ప్రశ్న. భూగర్భశాస్త్ర విద్యార్థి కాళ్ళ కింది మట్టినే ప్రశ్నిస్తాడు. ఇప్పుడు సముద్రానికి దూరంగా ఉన్న ఈ సరస్సు ఒకనాడు తీరానికి ఆనుకున్న ఉప్పుకయ్య అయి ఉండాలనీ, రెండు నదులు తెచ్చిన ఒండ్రు ముందుకు పేరుకుంటూ పోయి తీరాన్ని దూరంగా నెట్టిందనీ అతడు పొరలు చూసి చెప్పగలగాలి.

ఇంతవరకు విన్నవన్నీ విజ్ఞానశాస్త్ర విభాగంలోనివి. ఏదైనా సమస్య ఎదురైతే విజ్ఞానశాస్త్రాలే పరిష్కరిస్తాయని, చరిత్ర, రాజనీతి వంటివి మార్కులు తక్కువ వచ్చినవారి చదువులని మన సమాజంలో ఒక భావన పాతుకుపోయింది. ఆ భావన పూర్తిగా తప్పు. కొల్లేరు దగ్గరే అది రుజువవుతుంది.

చాళుక్య రాజు రెండవ పులకేశి కాలానికి చెందిన ఐహోళె శాసనం క్రీ.శ. 634 నాటిది. వేంగి ప్రాంతంలో జరిగిన యుద్ధాన్ని వర్ణిస్తూ అందులో ప్రస్తావించిన కునాల సరస్సు కొల్లేరేనని చరిత్రకారులు గుర్తించారు. అంతకు ముందు నాటి సముద్రగుప్తుని అలహాబాదు స్తంభ శాసనంలోని ఒక రాజ్యం పేరును కూడా కొందరు కొల్లేటితో ముడిపెట్టగా, మరికొందరు దానిని అంగీకరించలేదు. చరిత్ర మేజర్‌గా చదివే విద్యార్థిని పని ఈ రెండు వాదాలలో ఒకదాన్ని కంఠస్థం చేయడం కాదు. ఒక్కొక్క వాదానికి ఆధారం ఏమిటి, శాసనం ఎవరు ఎవరి కోసం రాయించారు, పొగడ్త ఎంత, వాస్తవం ఎంత అని వడపోయడమే ఆమె పని. సాక్ష్యాన్ని తూచడం నేర్చుకున్న ఆ మనసు రేపు న్యాయస్థానంలోనైనా, వార్తాపత్రికలోనైనా, గ్రామ సచివాలయంలోనైనా అంతే పదునుగా పనిచేస్తుంది.

అర్థశాస్త్ర విద్యార్థి ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది. సరస్సు లోపలి నేలను చేపల చెరువులుగా మార్చినప్పుడు లాభం ఎవరికి చేరింది? నేల పేదలదైతే పెట్టుబడి ఎవరిది, కౌలు ఎంత, మేతకు అప్పు ఎవరిచ్చారు? 2006లో ప్రభుత్వం అభయారణ్యం పరిధిలోని చేపల చెరువుల గట్లను తొలగించినప్పుడు, పెట్టుబడి ఉన్నవారు వేరే చోటికి వెళ్ళగలిగారా, కూలి మీద బతికినవారు ఎక్కడికి వెళ్ళారు? రాజనీతిశాస్త్రం చదివేవారు ఇదే సంగతిని అధికారం వైపు నుంచి చూస్తారు. సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ పటం మీద గీసే గీతను కాంటూరు అంటారు. కొల్లేరు అభయారణ్యం హద్దును ఐదో కాంటూరు దగ్గర నిర్ణయించారు. దానిని మూడో కాంటూరుకు తగ్గించాలన్న డిమాండు ఏళ్ళ తరబడి సాగుతోంది. పటం మీద రెండు గీతల నడుమ ఉన్న ఆ కొద్దిపాటి ఖాళీలో ఎన్నో గ్రామాలు, ఎన్నో కుటుంబాల జీవనాధారం, వేల పక్షుల గూళ్ళు ఉన్నాయి. హద్దు ఎక్కడ ఉండాలో నిర్ణయించే హక్కు ఎవరిది అన్నది రాజనీతిశాస్త్రపు ప్రశ్న. తెలుగు సాహిత్యం మేజర్‌గా తీసుకున్నవారు అక్కినేని కుటుంబరావు రాసిన కొల్లేటి జాడలు నవలను చేతపట్టుకుని, సరస్సు మారినప్పుడు దాని చుట్టూ బతికినవారి మాట, పాట, పండుగ, బంధుత్వం ఎలా మారాయో చదువుతారు. గణాంకాలు చెప్పలేనిదాన్ని నవల చెబుతుంది కాబట్టి ఆ చదువుకు విలువ.

ఇప్పుడు మొదటి మాటను మరొకసారి చెప్పుకోవాలి. సరస్సు ఒక్కటే, ప్రశ్నలు వేరు. విద్యార్థి ఎంచుకోవలసింది ఆ ప్రశ్ననే. ఆటపాక దగ్గర గూడబాతుల గుంపును చూసి, ఇవి ఏమి తింటాయి అని ఒకరికి తోస్తే, ఇక్కడికి ఎప్పటి నుంచి వస్తున్నాయి అని మరొకరికి తోస్తుంది. ఇన్ని పక్షులను ఎలా లెక్కపెట్టారు అని మూడో వ్యక్తికి తోస్తుంది. ఆ మూడో వ్యక్తి సంఖ్యాశాస్త్రం, అంటే స్టాటిస్టిక్స్, చదవవలసినవాడు. లెక్కపెట్టగలిగిన కొన్నింటిని బట్టి లెక్కకు అందని వాటిని అంచనా వేయడం, ఆ అంచనాలో పొరపాటు ఎంత ఉండవచ్చో కూడా చెప్పడం ఆ శాస్త్రం చేసే పని.

సంఖ్యాశాస్త్రం మాట వచ్చింది కాబట్టి, కల్యంపూడి రాధాకృష్ణారావు గురించి చెప్పుకోవాలి. సి.ఆర్.రావుగా ప్రపంచానికి తెలిసిన ఆయన 1920లో నేటి కర్ణాటకలోని హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివారు. అప్పట్లో సంఖ్యాశాస్త్రం ఒక ప్రత్యేకమైన పట్టాగా మన ప్రాంతంలో దొరికేది కాదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యంలోని ఒక సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళి, ఆ ఉద్యోగం రాకపోగా, మహలనోబిస్ స్థాపించిన భారత సంఖ్యాశాస్త్ర సంస్థ గురించి అక్కడ తెలుసుకుని 1941లో అందులో చేరారు. కలకత్తా విశ్వవిద్యాలయంలో అప్పుడప్పుడే మొదలైన సంఖ్యాశాస్త్ర ఎం.ఏ.ను 1943లో పూర్తిచేశారు. 1945లో ప్రచురించిన వ్యాసంలో, అందుబాటులో ఉన్న సమాచారంతో వేసే ఒక తరహా అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో దానికి ఒక హద్దు ఉందని నిరూపించారు. క్రామెర్-రావు అసమానత్వం అనే పేరుతో ప్రపంచమంతటా విద్యార్థులు నేటికీ దానిని చదువుతున్నారు. ఆ వ్యాసానికి గుర్తింపుగా 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి లభించింది. అదే ఏడాది ఆయన కన్నుమూశారు. డిగ్రీలో చదివిన గణితం వృథా కాలేదు, కొత్త విషయంలోకి దారి అయింది. చదివిన మేజర్ ఒక్కటే జీవితాంతం వెంట ఉంటుందని భయపడే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు.

అయితే, ఈనాటి విద్యార్థికి ఒక నిజమైన ఇబ్బంది ఉంది. ఇంటర్మీడియట్‌లో పరిచయమైన విషయాల నుంచే డిగ్రీ మేజర్‌ను ఊహించుకోవలసి వస్తుంది. భూగర్భశాస్త్రం, మానవశాస్త్రం, సంఖ్యాశాస్త్రం, మనస్తత్వశాస్త్రం వంటివాటిని పాఠశాలలోనూ ఇంటర్‌లోనూ చాలామంది ఒక్క గంట కూడా విని ఉండరు. వినని విషయాన్ని పదిహేడేళ్ళ వయసులో ఏకైక మేజర్‌గా ఎంచుకోమనడంలో కొంత అన్యాయం ఉంది. పాత మూడు విషయాల గ్రూపులో ఆ ఇబ్బందికి కొంత విరుగుడు ఉండేది, బి.జెడ్.సి. చదివినవారికి రసాయనశాస్త్రం మీద కూడా పట్టు చిక్కేది కాబట్టి, మూడేళ్ళ తరువాత ఎం.ఎస్‌సి.లో ఎటు వెళ్ళాలో అప్పుడు నిర్ణయించుకునే వీలు ఉండేది. ఒకే మేజర్ పద్ధతిలో ఆ వీలును కాపాడేది మైనర్ ఒక్కటే. అందుకే మైనర్‌ను సులభంగా మార్కులు వచ్చే విషయంగా కాక, రెండో ద్వారంగా చూడాలి. మేజర్‌కు సాయపడేదో, మేజర్ నచ్చకపోతే ఆధారంగా నిలిచేదో, అటువంటి విషయాన్నే మైనర్‌గా తీసుకోవాలి.

ఒకే విషయాన్ని లోతుగా చదివించాలన్న ఆలోచన కూడా పూర్తిగా కొత్తది కాదు. 1857లో లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో స్థాపించిన మద్రాసు విశ్వవిద్యాలయం మొదట్లో స్వయంగా పాఠాలు చెప్పలేదు. పాఠ్యప్రణాళిక నిర్ణయించి, పరీక్షలు పెట్టి, పట్టాలిచ్చేది. పాఠాలు మచిలీపట్నం నోబుల్ కళాశాల, రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాల వంటి అనుబంధ కళాశాలల్లో జరిగేవి. హైదరాబాదులోని నిజాం కళాశాల కూడా చాలాకాలం మద్రాసు విశ్వవిద్యాలయానికే అనుబంధంగా ఉండేది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం మరో దారి పట్టి, ఉర్దూను బోధనా భాషగా చేసుకుని, అందుకోసం ఒక అనువాద విభాగాన్నే నడిపింది. 1926లో కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపకులపతిగా ఆంధ్ర విశ్వకళాపరిషత్తు మొదలైంది. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతి అయిన నాటి నుంచి వాల్తేరులో ఆనర్స్ తరగతులు బలపడ్డాయి. ఆనర్స్ అంటే ఒకే విషయాన్ని ప్రధానంగా చేసుకుని సాగే చదువు. నేటి మేజర్‌కు అది పూర్వరూపమే. తేడా ఎక్కడ ఉందంటే, ఆనాటి ఆనర్స్ తరగతిలో విద్యార్థులు కొద్దిమందే ఉండేవారు, అధ్యాపకుడు ఒక్కొక్కరిని పేరుపెట్టి పిలిచేవాడు. ఒక విషయాన్ని లోతుగా చదివించడం అధ్యాపకులు, ప్రయోగశాల, గ్రంథాలయం ఉన్నచోటనే సాధ్యమవుతుంది. అవి లేనిచోట మేజర్ అన్నది ధ్రువపత్రం మీది అక్షరంగానే మిగులుతుంది.

ఇక్కడ శ్రోతలు ఒక విషయం గమనించాలి. నేటికీ తెలుగు రాష్ట్రాల్లో డిగ్రీ చదువు ఎక్కువగా జరిగేది విశ్వవిద్యాలయ ప్రాంగణంలో కాదు, పట్టణాల్లోనూ మండల కేంద్రాల్లోనూ ఉన్న అనుబంధ కళాశాలల్లోనే. ఏ పేపర్లో ఏ పాఠాలు ఉండాలో నిర్ణయించేవి మాత్రం విశ్వవిద్యాలయాల్లోని బోర్డ్ ఆఫ్ స్టడీస్ అనే నిపుణుల సంఘాలు. కాబట్టి మేజర్ పేరు ఒకటే అయినా విశ్వవిద్యాలయాన్ని బట్టి సిలబస్ కొంత మారవచ్చు. స్వయంప్రతిపత్తి గల, అంటే అటానమస్, కళాశాలలైతే తమ సిలబస్‌ను చాలావరకు తామే రూపొందించుకుంటాయి. ఆ సిలబస్ రహస్య పత్రం కాదు, అడిగితే ఎవరికైనా దొరుకుతుంది. వెబ్ ఆప్షన్ పెట్టడానికి ముందు ఆ పేపర్ల పేర్లు ఒక్కసారి చదవాలి. వాటిలో రెండు మూడైనా కుతూహలం కలిగించేవి లేకపోతే, ఆ మేజర్ పేరు ఎంత ఆకర్షణీయంగా ఉన్నా దానిని పక్కన పెట్టడమే మేలు. పేరు కాదు, ప్రశ్నలు చూడాలన్న మాటకు ఆచరణలో అర్థం ఇదే.

మేజర్ పేరులో కంప్యూటర్లు అన్న మాట చేరితే చాలు ఆ కోర్సు నిండిపోతుండగా, చరిత్ర, వృక్షశాస్త్రం, తెలుగు వంటి విభాగాలు విద్యార్థులు లేక అనేక కళాశాలల్లో మూతపడుతున్నాయి. కంప్యూటర్ చదువు మంచిదే, దానికి ఉన్న గిరాకీ కూడా నిజమే. కాని ఉపగ్రహ చిత్రాలతో కొల్లేటి నీటి విస్తీర్ణాన్ని లెక్కగట్టే ప్రోగ్రాం రాసేవారికి, ఆ చిత్రంలో పచ్చగా కనబడేది వరి చేనా, గుర్రపుడెక్కా అన్నది చెప్పే మనిషి పక్కన ఉండాలి. 2024లో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు రోజుల తరబడి నీటిలో మునిగినప్పుడు, ఆ ఏరు నైజాన్నీ, దాని పాత దారులనూ, దాని గట్ల మీద జరిగిన మార్పులనూ తెలిసినవారి అవసరం ఎంతో అందరికీ అర్థమైంది. ఒక జిల్లాలోని కళాశాలలన్నిటిలోనూ ఒక శాస్త్రం మూతపడితే, ఆ జిల్లాకు సంబంధించిన కొన్ని ప్రశ్నలు అడిగేవారే లేకుండా పోతారు. సీట్లు నిండలేదన్న ఒక్క కారణంతో విభాగాలను మూసే ముందు విశ్వవిద్యాలయాలు ఈ నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

బోధనా భాష సంగతి కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ చదువును ఆంగ్ల మాధ్యమానికి మార్చారు. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి మొదటి సెమిస్టర్ కష్టంగా ఉండడం సహజం; ఆ కష్టాన్ని విషయం మీద అయిష్టంగా పొరబడకూడదు. అర్థం కానిది భాషా, భావమా అని విడదీసి చూసుకోవాలి. భావాన్ని తెలుగులో చెప్పించుకుని, ఆ తరువాత ఆంగ్ల పుస్తకంలో చదివితే చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయి.

కళాశాలకు రోజూ వెళ్ళే వీలు లేనివారి కోసం 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలోనే మొదటిదైన ఆ సంస్థ నేడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరుతో నడుస్తోంది. దాని పాఠాలు రేడియో ద్వారా కూడా ఇళ్ళకు చేరాయి. ఉద్యోగం చేస్తూనో, ఇల్లు చూసుకుంటూనో చదువుకునేవారికి అది ఇప్పటికీ ఒక దారి.

చివరగా, చదువు మధ్యలో ఆపవలసి వచ్చినవారి గురించి. 2020 నాటి జాతీయ విద్యావిధానాన్ని అనుసరించి యు.జి.సి. రూపొందించిన చట్రంలో, మొదటి ఏడాది చివర సర్టిఫికెట్, రెండో ఏడాది చివర డిప్లొమా, మూడో ఏడాది చివర డిగ్రీ, నాలుగో ఏడాది చివర ఆనర్స్ డిగ్రీ పొందే వీలు ఉంది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన సాధించినవారు నాలుగో ఏడాదిలో పరిశోధనతో కూడిన ఆనర్స్‌ను ఎంచుకోవచ్చు. ఇంటి పరిస్థితుల వల్లనో, పెళ్ళి వల్లనో ఒకటి రెండేళ్ళకే చదువు ఆపేవారు మన ప్రాంతంలో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, చాలామందే ఉన్నారు. అటువంటివారు మొదటి లేదా రెండో ఏడాది తరువాత వెళ్ళిపోయేటప్పుడు, నిర్ణీత క్రెడిట్లతో పాటు వేసవిలో నాలుగు క్రెడిట్ల వృత్తి శిక్షణనో, ఇంటర్న్‌షిప్‌నో పూర్తి చేసి ఉంటేనే సర్టిఫికెట్ లేదా డిప్లొమా ఇస్తారు. మూడేళ్ళలోపు తిరిగి వచ్చి చేరే వీలు ఉంటుంది. చేరిన నాటి నుంచి మొత్తం ఏడేళ్ళలోపు డిగ్రీ పూర్తిచేయాలి. సంపాదించిన క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అనే ఖాతాలో విద్యార్థి పేరనే ఉంటాయి. ఆ ఖాతా తెరిచారో లేదో, క్రెడిట్లు అందులో జమ అయ్యాయో లేదో ప్రతి సెమిస్టర్ చివర చూసుకోవాలి. చదువు ఆపవలసి వచ్చిన రోజున ధ్రువపత్రంతో పాటు ఆ క్రెడిట్ల వివరాన్ని కూడా కళాశాల నుంచి తీసుకుని దాచుకోవాలి.